తలుపుకి ఎర్ర స్కార్ఫు

పడగ్గది తలుపు పిడికి ఎర్ర స్కార్ఫు కట్టి ఉన్నంతసేపు ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు.

లెబనాన్ వదిలి, సముద్రం దాటి లార్నకా వచ్చిన కొత్తలో ఆ నియమం పెట్టింది జుమానాయే. దుబాయ్‌లోని ఒక బీమా కంపెనీకి ఇంట్లో కూర్చునే పని చేసేది. ఆసుపత్రుల నుంచి వచ్చే క్లెయిములు చూసి, ఏది చెల్లించాలో ఏది తిప్పి పంపాలో తేల్చడం ఆమె ఉద్యోగం. రోజూ మీటింగులుండేవి. ఇల్లు చూస్తే రెండు గదులు, ఒక వంటిల్లు, మధ్యలో సన్నటి నడవా. గోడలు అట్టముక్కల్లా పల్చన. మొదటి వారంలోనే, పెద్ద మేనేజరు గంభీరంగా ఏదో చెబుతుండగా, వంటింట్లోంచి అత్తగారి గొంతు ఖంగుమంది.

“ఒరేయ్ నసీబ్! ఈ ఊళ్ళో కొత్తిమీర ఏమిట్రా ఇంత బక్కచిక్కి ఉంది, జబ్బు చేసి లేచిందా?”

మీటింగులో ఉన్నవాళ్ళందరూ విన్నారు. అరబ్బీ వచ్చినవాళ్ళు నవ్వారు. మేనేజరుకీ అరబ్బీ వచ్చు, కానీ ఆయన నవ్వలేదు.

ఆ సాయంత్రమే జుమానా పెట్టెలోంచి ఎర్ర స్కార్ఫు తీసి భోజనాల బల్ల దగ్గర అందరికీ చూపించింది. “ఇది తలుపుకి కనబడిందంటే నేను మీటింగులో ఉన్నట్టు. మాటలు, టీవీ, మిక్సీ ఏవీ వద్దు. తలుపు కొట్టొద్దు.”

“మరి బాత్రూముకి వెళ్ళొచ్చా, దానికీ మీ మేనేజర్ని అడగాలా?” అంది అత్తగారు ఉమ్ నసీబ్.

“వెళ్ళొచ్చులే అమ్మా, నీళ్ళు మాత్రం వదలకు,” అన్నాడు జుమానా భర్త నసీబ్. వాళ్ళ తొమ్మిదేళ్ళ కూతురు తాలా కిసుక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లకి నియమం అప్పుడే పట్టుబడిపోయింది.

ఉమ్ నసీబ్ అసలు పేరు వార్దె. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఉమ్ అంటే తల్లి, కొడుకు పుట్టిన రోజు నుంచీ ఆమె నసీబ్ తల్లే. పుట్టిందీ పెరిగిందీ లెబనాన్‌లోని జహ్లెలో, ఏటి గట్టున. ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది వాళ్ళతో బేరాలాడే ఊరది. అటువంటి మనిషి ముసలితనంలో పిల్లిలా నడవడం నేర్చుకుంది. పాత స్వెట్టరు కత్తిరించి కుర్చీల కాళ్ళకి తొడుగులు కుట్టింది. చెంచా గిన్నెకి తగలకుండా కలపడం అలవాటు చేసుకుంది. కిబ్బె మాత్రం మిక్సీలో తిప్పితే అది కిబ్బె కాదని, మాంసాన్ని రవ్వతో కలిపి రోట్లో దంచాల్సిందేనని ఆమె పట్టు. జహ్లె నుంచి వచ్చేటప్పుడు ఆ రాతి రోలు సామాన్లలో వేసుకుని వస్తే విమానాశ్రయంలో సుంకం అధికారి రెండు చేతులా ఎత్తలేక దణ్ణం పెట్టాడట. ఆ రోటిని మిద్దె మీదికి ఎక్కించి, నీళ్ళు కాచే సోలారు ట్యాంకుల మధ్య కూర్చుని దంచేది.

కింది వాటాలో ఉండే ఒడెట్ అది చూసి వీధంతా చాటింది. ఒడెట్ కూడా లెబనాన్ మనిషే, యుద్ధం రోజుల్లో బీరూట్‌లో ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. “మీ కోడలి ఉద్యోగం దుబాయ్‌లో, కాపురం లార్నకాలో, నీ వంట ఆకాశంలో! ఇంకాస్త పైకెక్కితే దేవుడికే వడ్డించొచ్చు,” అనేది.

“నువ్వు తినేటప్పుడు మాత్రం కిందకే దిగొస్తుందిలే నా వంట,” అనేది ఉమ్ నసీబ్.

నిజానికి ఈ దేశం వాళ్ళని ఉండనిచ్చింది జుమానా ఉద్యోగాన్ని చూసే. బయటి దేశపు కంపెనీకి ఇక్కడ కూర్చుని పని చేసుకునేవాళ్ళకిచ్చే అనుమతి అది. భర్తనీ పిల్లనీ తెచ్చుకోవచ్చు, కానీ వాళ్ళు పనిచేయడానికి వీల్లేదు. అత్తగారు కాగితాల మీద చుట్టం. వీసా గడువు తీరబోతుంటే బీరూట్ వెళ్ళి, నాలుగు రోజులుండి మళ్ళీ వచ్చేది. నసీబ్‌కి బీరూట్‌లో కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. ఓడరేవు పేలిన సాయంత్రం అందులో ఉన్న ప్రతి అద్దమూ రోడ్డు మీదికొచ్చింది. ఇక్కడ వంట చేస్తాడు, పిల్లని బడిలో దింపుతాడు, అంగళ్ళలో బేరాలాడతాడు. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే, “మా ఇంటికి యజమాని ఆ ల్యాప్‌టాప్. నేను దాని వంటవాణ్ణి,” అని నవ్వేవాడు. మొదట్లో ఆ నవ్వు బాగుండేది.

ఈస్టర్ పండగ అయిన కొన్నాళ్ళకి జుమానా ఉద్యోగం పోయింది.

అదీ ఒక మీటింగులోనే. తలుపుకి స్కార్ఫు కట్టుకుని కూర్చుంది. తెర మీద ఎన్నడూ చూడని ఒకావిడ కనబడి, మీ విభాగం మొత్తాన్ని మూసేస్తున్నామని, ఇంతకాలం చేసిన సేవకి కృతజ్ఞతలని, మెత్తటి గొంతుతో చదివింది. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగింది. ఎవరూ నోరు విప్పకముందే తెర నల్లబడింది. మళ్ళీ లోపలికి వెళ్ళబోతే కంపెనీ ఆమె పేరుని గుర్తుపట్టలేదు.

ఆమె లేచి స్కార్ఫు విప్పి బయటికొచ్చింది. నసీబ్ చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు.

“ఏమన్నారు?” అన్నాడు, రోజూ అడిగినట్టే.

“ఏముంది, మామూలే,” అంది జుమానా.

అలా వచ్చేసింది నోట్లోంచి. అబద్ధం ఆడదామని అనుకోలేదు. ఇంకో ఉద్యోగం దొరికాక రెండూ కలిపి చెప్పొచ్చనుకుంది. ఇప్పుడు చెబితే నసీబ్ ఏమంటాడో ఆమెకి తెలుసు. సామాన్లు సర్దు, పోదాం అంటాడు. పోవడానికి బీరూట్‌లో ఏముంది? దుకాణం గోడల మధ్య ఎవరో టైర్లు పెట్టుకున్నారు. తాలాకి ఈ ఊరి బడి కుదిరింది, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం మానేసింది. అనుమతి గడువు ఆకురాలు కాలంలో తీరుతుంది. అప్పటికి చేతిలో ఏదో ఒక కంపెనీ ఒప్పందం ఉండాలి. అంతవరకూ కంపెనీ చివరగా ఇచ్చిన డబ్బూ, తను దాచుకున్నదీ జీతంలా నెలనెలా తీస్తూ ఎలాగోలా నెట్టుకురావాలి.

మర్నాడు పొద్దున మామూలు వేళకే స్కార్ఫు కట్టి తలుపు వేసుకుంది. దరఖాస్తులు పెట్టింది. ఆ మర్నాడూ పెట్టింది. వారం గడిచేసరికి ఇంకో చిక్కు తోచింది. మీటింగులంటే మాట్లాడాలి కదా. తలుపు వెనక అంత నిశ్శబ్దంగా ఏం మీటింగు? చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, నల్లటి తెర ముందు కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టింది. “అవును సర్, ఆ ఫైలు చూశాను. కాదు, ఆసుపత్రి బిల్లులో తేడా ఉంది.” మొదట మాటలు దొరికేవి కావు. తర్వాత తర్వాత పాత క్లెయిములన్నీ గుర్తుకొచ్చేవి. పిత్తాశయంలో రాళ్ళున్న షార్జా పెద్దాయన, కవలల్ని కన్న అల్ ఐన్ టీచరు. వాళ్ళ గురించి నల్లటి తెరకి వివరంగా చెప్పేది. మధ్యలో ఆగి, ఎవరో జవాబిస్తున్నట్టు తలూపేది.

ఎవరికీ చెప్పుకోలేనిది ఇంకొకటుంది. ఆమెకది బాగుండేది. స్కార్ఫు కట్టాక ఆ గదిలోకి ఎవరూ రారు. ఉప్పు ఎక్కడుందని అడగరు, ఏమైందని అడగరు. కిటికీలోంచి ఉప్పు చెరువు వైపు ఆకాశం కనబడేది. కొన్ని రోజులు మాట్లాడడం అయిపోయాక కూడా చాలాసేపు స్కార్ఫు విప్పేది కాదు.

వేసవి ముదిరేకొద్దీ దరఖాస్తులకి జవాబులు తగ్గాయి. అప్పుడే అత్తగారి మీద అనుమానం మొదలైంది.

ఒకరోజు భోజనాల దగ్గర ఉమ్ నసీబ్ కోడలి కంచంలో ఇంకో కిబ్బె ముక్క వేసి, “తిను అమ్మాయ్. ఒక్కదానివే అంతసేపు మాట్లాడితే ఒంట్లో ఏం మిగుల్తుంది?” అంది.

జుమానా చేతిలో ముద్ద ఆగిపోయింది. “ఒక్కదాన్నే ఏమిటి అత్తయ్యా? అటువైపు పదిమంది ఉంటారు.”

“ఉంటారు ఉంటారు. ఇదివరకు మీ మేనేజరు అరిస్తే వంటింట్లో పాలు విరిగేవి. ఇప్పుడు మంచివాడైపోయినట్టున్నాడు పాపం.”

“హెడ్‌సెట్ పెట్టుకుంటున్నాగా. ఆయన గొంతు నాకొక్కదానికే వినబడుతుంది.”

“అంతేలే,” అని ఉమ్ నసీబ్ పెరుగు గిన్నె అందుకుంది. “ఆ యంత్రాల సంగతి నాకేం తెలుసు?”

నసీబ్ నవ్వుతూ రొట్టె తుంచుకున్నాడు. జుమానా మాత్రం కంచం పక్కకి నెట్టింది. అత్తగారు ఎత్తిపొడుస్తోందనుకుంది. ఏదో పసిగట్టింది, ఇవాళో రేపో కొడుకు చెవిలో వేస్తుంది. అప్పట్నించి గది బయట ప్రతి అలికిడికీ ఆమె చెవులు నిక్కేవి.

ఉమ్ నసీబ్ బట్టలు ఆరేసే తావు కూడా అప్పుడే మార్చింది. వంటింటికీ పడగ్గదికీ కలిపి ఒకటే బాల్కనీ. ఇన్నాళ్ళూ అక్కడే తీగల మీద ఆరేసేది. ఉన్నట్టుండి తడి బట్టల బుట్ట చంకనెత్తుకుని మిద్దె ఎక్కడం మొదలుపెట్టింది.

“మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లెందుకు అత్తయ్యా? బాల్కనీలోనే ఆరేయొచ్చుగా.”

“పైన ఎండ బాగుంటుంది అమ్మాయ్. ఆ నీళ్ళ ట్యాంకులకి కూడా నా కబుర్లు అలవాటైపోయాయి, వెళ్ళకపోతే అలుగుతాయి,” అంది ఉమ్ నసీబ్. మెట్ల మలుపులో ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కేది. ఆయాసపడుతున్న చప్పుడు కింద వాకిట్లోకి కూడా వినబడేది. జుమానా వింది. వయసు కదా అనుకుంది.

వేసవి సెలవులయ్యి బడి తెరిచిన కొత్తలో ఒకరోజు పొద్దున అమ్మాన్ నుంచి జవాబొచ్చింది. అక్కడి కంపెనీవాళ్ళు రెండుసార్లు మాట్లాడారు, మూడోసారి జీతం దాకా వచ్చారు. జుమానా ఆ ఉద్యోగాన్ని నమ్ముకునే నసీబ్‌కి ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చి పెట్టుకుంది. జవాబు రెండు వాక్యాలు. మరొకరిని తీసుకున్నాం, మీకు శుభం కలుగుగాక.

నసీబ్ తాలాని బడిలో దింపి, కారు బాగుచేయించుకోడానికి పోతానని చెప్పి వెళ్ళాడు. జుమానా స్కార్ఫు కట్టి తలుపు వేసుకుంది. ఆ రోజు మాట్లాడే ఓపిక లేదు. హెడ్‌సెట్ తగిలించుకుని ఊరికే కూర్చుంది. ఏడుపు కూడా రాలేదు.

కాసేపటికి నడవాలో కుర్చీ జరిగింది. స్వెట్టరు తొడుగుల మీద మెత్తగా, తలుపు దాకా వచ్చి ఆగింది. ఎవరో బరువుగా కూర్చున్నారు. ఆ తర్వాత తలుపు చెక్క కొంచెం కిర్రుమని, గడియ కదిలింది. ఎవరో తల ఆనించినట్టు.

చెవి పెట్టి వింటోంది, అనుకుంది జుమానా.

ఒళ్ళంతా మంటెత్తింది. ఇదే రోజు దొరికిందా ఈవిడకి! వినాలనుందిగా, వినిపిస్తాను. నల్లటి తెర వైపు వంగి గొంతెత్తి మొదలుపెట్టింది. “గుడ్ మార్నింగ్ సర్. అందరూ వచ్చారా? సరే, మొదటి ఫైలుతో మొదలుపెడదాం.” పిత్తాశయం పెద్దాయన కథ మళ్ళీ చెప్పింది. బిల్లు ఎందుకు చెల్లించకూడదో చెప్పింది. నవ్వాల్సిన చోట నవ్వింది. ఎవరో మంచి మాట అన్నట్టు “థాంక్యూ సర్, థాంక్యూ,” అంది.

తలుపు అవతల ఒక దగ్గు వినబడింది, లోపలికి మింగుకున్న దగ్గు. తర్వాత ఊపిరి పెద్దగా తీసుకున్న చప్పుడు. జుమానా గొంతు ఇంకా పెంచింది. రెండో ఫైలు, మూడో ఫైలు. చెప్పడానికేమీ మిగలకపోతే చెప్పిందే తిరగేసి చెప్పింది.

చివరికి అవతల ఏ చప్పుడూ లేదు. వెళ్ళిపోయి ఉంటుంది, అనుకుంది. కుర్చీ వెనక్కి జరిగిన అలికిడి వినలేదని అప్పుడు తోచలేదు. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇల్లంతా ఎంత నెమ్మదిగా ఉందో. అలా ఎంతసేపైనా కూర్చోవచ్చనిపించింది, కూర్చుంది కూడా.

ఆకలేసి లేచింది. తలుపు లోపలికి లాగింది. ఆ తలుపుతో పాటు అత్తగారి తల లోపలికి ఒరిగింది.

ఉమ్ నసీబ్ కుర్చీలో కూర్చునే ఉంది. ఒక చెయ్యి ఛాతీ మీద గౌను పట్టుకుని ఉంది. రెండో చేతి వేళ్ళ మధ్య ఎర్ర స్కార్ఫు కొస. విప్పలేదు, లాగలేదు, ఊరికే పట్టుకుంది. తలుపు కదలగానే అది వేళ్ళలోంచి జారిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు, గ్రీకు యాసతో ఇంగ్లీషు మాట్లాడాడు. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాడు. కారు ఎక్కడో వదిలేసి పరిగెత్తుకొచ్చిన నసీబ్ జవాబు చెప్పాడు.

“మా ఆవిడ మీటింగులో ఉంది. అమ్మ ఆ తలుపు కొట్టదు. ఎప్పుడూ కొట్టదు డాక్టర్.”

డాక్టరు ఇద్దరి ముఖాలూ చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే, అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

బయట వరండాలో జుమానా భర్త చెయ్యి పట్టుకుంది. “నసీబ్, నేనొకటి చెప్పాలి.”

“ఏం చెప్పకు,” అన్నాడతను. ఆమె తలని తన భుజానికేసి అదుముకున్నాడు. “నీ తప్పేముంది ఇందులో? నీ పని నువ్వు చేసుకుంటున్నావ్. మన నలుగురి కోసమే కదా చేస్తున్నావ్. ఇంకోసారి ఆ మాట అనుకున్నావంటే నా మీద ఒట్టే.”

జుమానా అతని చెయ్యి వదిలేసింది.

మర్నాడు ఇంటి నిండా జనం. ఊళ్ళో ఉన్న లెబనాన్ వాళ్ళంతా వచ్చారు. ఉమ్ నసీబ్‌ని జహ్లెకే తీసుకెళ్ళాలని నసీబ్ పట్టుబట్టాడు. తర్వాతి రోజు పొద్దున విమానం, శవపేటికతో అతనొక్కడే వెళ్తాడు. జుమానా దేశం దాటితే అనుమతి పొడిగింపు చిక్కుల్లో పడుతుందని ఎవరో భయపెట్టారు. చావింట్లో ఇచ్చే చక్కెర లేని కాఫీ కప్పులు చేతులు మారుతున్నాయి. నల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు ముందుగదిలో గోడ వెంబడి కూర్చుని, తమ ఊళ్ళ పద్ధతిలో గొంతెత్తి ఏడుస్తున్నారు. చనిపోయిన మనిషిని పొగుడుతూ ఒకరందుకుంటే మిగతావాళ్ళు కలుస్తారు. అందరి కంటే పై గొంతు ఒడెట్‌ది.

“ఏటి అవతలి గట్టుకి వినబడే గొంతమ్మా నీది! చీమకి కూడా చెప్పకుండా పోయావే! మిద్దె మీద రోలు ఎవరి కోసం పెట్టావే వార్దె!”

ఆ పేరు చాలా ఏళ్ళకి ఆ రోజు వినబడింది. నసీబ్ ముఖం కప్పుకున్నాడు.

పడగ్గది పక్కన ఆ కుర్చీ ఇంకా అలాగే ఉంది. జనం ఎక్కువై కుర్చీలు చాలకపోయినా ఎవరూ దాన్ని జరపలేదు. ఒడెట్ కళ్ళు తుడుచుకుంటూ జుమానా దగ్గరికొచ్చి చెయ్యి నిమిరింది. “ఎంత ఇల్లాలమ్మా మీ అత్తగారు! ప్రాణం పోతున్నా కోడలి ఉద్యోగానికి అడ్డం రాలేదు. మా అత్తగారైతేనా, జలుబు చేసినా చర్చి గంట కొట్టించేది.” పక్కనున్నావిడ ఏడుస్తూనే నవ్వింది. జుమానా తన కాఫీ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

మధ్యాహ్నం దాటాక నసీబ్ ఆమెని నడవాలోకి పిలిచాడు. గడ్డం మాసి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “మీ ఆఫీసుకి చెప్పావా?”

“లేదు.”

“నిన్న మీటింగు మధ్యలో లేచి వచ్చావ్, ఇవాళ మొత్తం కనబడలేదు. ఏమనుకుంటారు? పొడిగింపుకి వాళ్ళే కదా ఉత్తరం ఇవ్వాల్సింది. వెళ్ళు, ఇప్పుడే మాట్లాడు. సెలవడుగు.”

“తర్వాత అడుగుతాను నసీబ్. ఇంతమంది ఉన్నారు.”

“నేను చూసుకుంటాగా.” అతను పడగ్గది తలుపు వైపు చూశాడు. “అమ్మ ప్రాణం పోతున్నా ఈ తలుపు కొట్టలేదు జుమానా. ఇప్పుడు ఉద్యోగం కూడా పోతే అమ్మ పోయింది దేనికి?”

అల్మారా పైనున్న ఎర్ర స్కార్ఫు అతనే తీశాడు. ఆమెని మెల్లగా గదిలోకి నెట్టి, తలుపు వేసి, బయట పిడికి కట్టాడు. బిగించి రెండు ముళ్ళు వేసిన చప్పుడు ఆమెకి లోపలికి వినబడింది. ముందుగదిలోకి వెళ్ళి అతను ఏదో చెప్పాడు. ఏడుపు ఒక్కొక్క గొంతే తగ్గుతూ వచ్చింది. అందరికంటే ఆఖర్న ఒడెట్ ఆగింది. కప్పుల చప్పుడు కూడా ఆగింది.

అంత నిశ్శబ్దంలో మాట్లాడకుండా ఉండడానికి వీల్లేదు. అవతల ఇంగ్లీషు తెలిసినవాళ్ళు సగం మంది ఉన్నారు. జుమానా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. మూత కూడా తెరవలేదు. హెడ్‌సెట్ తగిలించుకుంది.

“గుడ్ ఆఫ్టర్నూన్ సర్,” అంది. “క్షమించండి, నిన్న మధ్యలో వెళ్ళిపోయాను. మా అత్తగారు పోయారు.” ఆగింది. ఎవరో పరామర్శిస్తారు కదా ఈపాటికి. “థాంక్యూ సర్. అవును, ఉన్నట్టుండి. గుండె.” మళ్ళీ ఆగింది. “సెలవు కావాలి సర్. ఎన్ని రోజులైతే అన్ని. మూడా? సరే సర్. లేదు సర్, చాలు. మీరు చాలా మంచివారు.”

హెడ్‌సెట్ తీస్తుంటే వెనక మంచం మీద దుప్పటి కదిలింది.

తాలా లేచి కూర్చుంది. జనం మధ్య ఉండలేక పొద్దున్నే ఇక్కడికొచ్చి ముసుగు పెట్టి పడుకున్న పిల్ల. జుట్టంతా చెదిరి, బుగ్గ మీద దిండు అచ్చు పడి ఉంది. మూసి ఉన్న ల్యాప్‌టాప్ కేసి చూసింది. ఆశ్చర్యపోలేదు.

“నానమ్మకి తెలుసు,” అంది మెల్లగా. ఆ ఇంట్లో పిల్లలు మాట్లాడాల్సినంత మెల్లగా.

“ఏం తెలుసు?”

“నీకు ఉద్యోగం లేదని. బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే కిటికీలోంచి చూసిందంట. నువ్వు మాట్లాడుతున్నావంట, తెర నల్లగా ఉందంట. చాలాసార్లు చూసింది. అందుకే మిద్దె మీద ఆరేయడం మొదలెట్టింది. కిటికీలోంచి కనబడుతుంటే నీకు చిన్నతనంగా ఉంటుందని.”

జుమానా తల తిప్పి కిటికీ కేసి చూసింది.

“నాన్నకి చెప్పొద్దంది. మీ అమ్మ తనంతట తనే చెబుతుంది, అప్పటిదాకా స్కార్ఫు ఉంటే మీటింగున్నట్టే ఉండాలి, తలుపు కొడితే సిగ్గుపడిపోతుంది పిచ్చిది, అంది.” పిల్ల మంచం దిగింది. “నేనెవరికీ చెప్పలేదమ్మా.”

ఇన్నాళ్ళూ మేనేజరుకి భయపడి ఆవిడ తలుపు కొట్టడం లేదనుకుంది జుమానా. నిన్న ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి లోపల మీటింగు లేదని తెలుసు. మేనేజరు లేడని, ఫైలు లేదని, చెక్కకి ఇవతల కోడలు ఒక్కతే కూర్చుని అరుస్తోందని తెలుసు. ఒక్కసారి కొడితే చాలని కూడా తెలుసు. స్కార్ఫు కొస పట్టుకుని, ఆ లేని మీటింగు అయ్యేదాకా ఆగింది. జుమానా దాన్ని అవనివ్వలేదు.

బయట ఇంకా ఏ చప్పుడూ లేదు. ఇంటినిండా అంతమంది, ఒక్కళ్ళు దగ్గడం లేదు. అందరూ ఆమె కోసం ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు.

“ఇప్పుడు నాన్నకి చెబుతావా?” అంది తాలా.

జుమానా తలుపు దగ్గరికి నడిచింది. చెప్పేయాలి. తలుపు తెరిచి, ఇంతమంది ముందే, అరబ్బీలో, ఒక్క ముక్కలో చెప్పేస్తే అయిపోతుంది. తలుపు లాగింది.

ఎదురుగా నసీబ్ నిలబడి ఉన్నాడు. అతని వెనక నడవా నిండా, ముందుగది నిండా ముఖాలు. అన్నీ ఆమె వైపే. అతని కళ్ళల్లో ఏడుపుతో పాటు చిన్న ఆశ కూడా ఉంది. ఇంత జరిగాక ఇదొక్కటైనా నిలిచిందా అని చూస్తున్నాడు.

“ఏమన్నారు?” అన్నాడు.

జుమానా అతని భుజం మీదుగా ఆ కుర్చీ వైపు చూసింది.

“మూడు రోజులిచ్చారు,” అంది.

నసీబ్ కళ్ళు మూసుకుని గుండెల నిండా ఊపిరి వదిలాడు. “దేవుడు చల్లగా చూడాలి వాళ్ళని,” అన్నాడు. “మంచి కంపెనీ,” అని ఎవరో గుసగుసగా అన్నారు. “మా అబ్బాయికైతే తండ్రి పోతే రెండు రోజులే ఇచ్చారు.”

తాలా తల్లి వెనక నుంచి వచ్చి తలుపు పిడి దగ్గర నిలబడింది. తండ్రి వేసిన ముడి బాగా బిగుసుకుపోయింది. వేళ్ళతో రాలేదు. పళ్ళతో పట్టి లాగింది. ఒక ముడి వదులైంది, రెండోది వదల్లేదు. స్కార్ఫు తలుపుకే ఉండిపోయింది.

ముందుగదిలో ఆడవాళ్ళు దాని వైపు చూశారు, ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒడెట్ గోడ పట్టుకుని సగం లేచింది.

“ఇక ఏడవొచ్చా అమ్మాయ్?” అని గొంతు తగ్గించి అడిగింది.

జుమానా తలూపింది.